దొంగ పేర్లు చేరని మెయిల్ జాబితాకు 18 చిట్కాలు

ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లకీ, మంగళగిరి, పోచంపల్లి చీరలు తెప్పించి అమ్మేవాళ్లకీ ఇవాళ సొంత వెబ్‌సైటు ఉండటం మామూలైపోయింది. సైటు అడుగున ఓ చిన్న ఫారమ్ కూడా ఉంటుంది: ‘కొత్త సరుకు రాగానే కబురు పంపుతాం, మీ మెయిల్ ఐడీ ఇవ్వండి’ అని. పెట్టిన కొత్తలో వారానికి నాలుగైదు పేర్లు చేరతాయి. ఉన్నట్టుండి రాత్రికి రాత్రే వందలు వచ్చి పడతాయి. వ్యాపారం పుంజుకుందని సంబరపడేలోపే పంపిన మెయిళ్లు కుప్పలుగా తిరిగొస్తాయి. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

ఆ పేర్లు నింపింది మనుషులు కాదు, బాట్లు. ఇంటర్నెట్‌లో కనబడ్డ ప్రతి ఫారమ్‌నూ వెతికి నింపుకుంటూ పోయే ప్రోగ్రాములన్నమాట. వాటి వెనకున్నవారికి మీ గోంగూర మీద మోజేమీ లేదు. కొందరు తమ ప్రకటన లింకును మీ చేత ఊరంతా పంపించాలని చూస్తారు. కొందరు మీ సైటులో ఎక్కడ కన్నం వేయొచ్చో వెతుకుతారు. ఇంకొందరు ఎవరో మూడో మనిషి మెయిల్‌బాక్సును ముంచెత్తడానికి మీ ఫారమ్‌ను వాడుకుంటారు.

నష్టం రెండు రకాలు. మెయిళ్లు పంపిపెట్టే సర్వీసులు చాలావరకు జాబితాలోని పేర్ల లెక్కన డబ్బు తీసుకుంటాయి కాబట్టి దొంగ పేర్లకీ మీరే కట్టాలి. అంతకన్నా పెద్దది రెండోది. తిరిగొచ్చిన మెయిళ్లూ, వచ్చిన ఫిర్యాదులూ చూసి జీమెయిల్ వంటివి మీ చిరునామానే అనుమానిస్తాయి. అప్పుడు ఏటా మీ దగ్గర ఆవకాయ తెప్పించుకునే పాత కస్టమరుకు పంపిన మెయిల్ కూడా స్పామ్‌లోనే పడుతుంది.

కింది చిట్కాల్లో కొన్ని మీరే చేసుకోవచ్చు. కొన్ని సైటు చేసిపెట్టిన డెవలపరుకు చెప్పి చేయించుకోవాలి. అడగాల్సిందేమిటో తెలిస్తే పని సగం అయినట్టే.

1. ఒప్పుకోలు వచ్చాకే పేరు చేర్చండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫారమ్‌లో మెయిల్ ఐడీ పడగానే దాన్ని జాబితాలో కలిపేయకండి. ముందు ఆ ఐడీకి ఒక మెయిల్ వెళ్లాలి. అందులోని లింకు ద్వారా ‘అవును, నేనే’ అని చెప్పినవారే జాబితాలోకి రావాలి. దీన్ని డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు. మెయిళ్లు పంపే సర్వీసుల్లో ఎక్కువ వాటికి సెట్టింగుల్లో ఈ ఏర్పాటు ఉంటుంది, మీరే ఆన్ చేసుకోవచ్చు.

దీనివల్ల జాబితా నెమ్మదిగా పెరుగుతుందని కొందరు వద్దంటారు. పెరగనివ్వండి నెమ్మదిగానే. ఆ ఒక్క నొక్కు కూడా నొక్కని మనిషి మీ మెయిల్ తెరిచి, చదివి, ఆర్డరిస్తాడా? పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగేది కూడా ఇలాంటి అంగీకారాన్నే. అది స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అంగీకారం కిందికి రాదు.

2. ఒప్పుకోలు మెయిల్ పొట్టిగా, సాదాగా ఉండాలి

ఈ మెయిల్ ఎవరికి వెళుతోందో మీకింకా తెలియదు. అడక్కుండానే వచ్చిందని అవతలివారు విసుక్కునే అవకాశం ఉంది. అందుకే అందులో బొమ్మలు, ఆఫర్లు, ధరల పట్టిక పెట్టకండి. ఇలా రాస్తే చాలు:

‘మా పచ్చళ్ల కబుర్లు పంపమంటూ ఈ మెయిల్ ఐడీ మా సైటులో ఎవరో ఇచ్చారు. ఇచ్చింది మీరే అయితే కింది లింకు తెరిచి ఖాయం చేయండి. మీరు కాకపోతే ఏమీ చేయనక్కర్లేదు. ఇక మా నుంచి మెయిల్ రాదు.’

ఆఖరి మాట మీద నిలబడండి. జవాబు రాకపోతే మహా అయితే ఒక్కసారి గుర్తు చేయొచ్చు, అదీ ఇందులో ముందే చెప్పి ఉంటేనే. అదే ఐడీని ఫారమ్‌లో పదే పదే కొట్టినా రోజుకు ఒక్క మెయిల్‌కు మించి వెళ్లకుండా డెవలపరు చేత హద్దు పెట్టించండి. ఖాయం చేయని ఐడీలు ఒక గడువు తర్వాత వాటంతటవే చెరిగిపోయేలా చూసుకోండి.

3. లింకు తెరవగానే కాదు, బటన్ నొక్కాకే చేర్చండి

చాలామందికి తెలియని కిటుకు ఇది. పెద్ద కంపెనీల్లో, కాలేజీల్లో మెయిల్ లోపలికి వచ్చేటప్పుడే భద్రతా సాఫ్ట్‌వేర్ అందులోని లింకులన్నీ తనే తెరిచి వైరస్ ఉందేమో చూస్తుంది. మీ లింకు తెరవడమే ఒప్పుకోలుగా లెక్కవేస్తే, ఆ ఉద్యోగి మెయిల్ చూడకుండానే జాబితాలో చేరిపోతాడు. కాబట్టి లింకు ఒక పేజీకి తీసుకెళ్లాలి, ఆ పేజీలో ‘ఖాయం చేస్తున్నాను’ అనే బటన్ ఉండాలి. దాన్ని నొక్కినప్పుడే పేరు చేరాలి. అసలు కస్టమరుకు అదనంగా పడేది ఒక్క నొక్కు.

4. పేరు అడగడం మానేయండి

కబురు పంపడానికి మెయిల్ ఐడీ ఒక్కటి చాలు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అంటూ గడులు పెంచేకొద్దీ మనుషులు వెనక్కి తగ్గుతారు. బాట్‌కు మాత్రం ఎన్ని గడులున్నా ఒకటే.

పేరు గడితో ఇంకో చిక్కుంది. మీ సైటు పంపే మెయిల్ ‘నమస్తే’ అని మొదలుపెట్టి, పక్కన ఫారమ్‌లో ఇచ్చిన పేరును అతికిస్తుందనుకోండి. బాట్ ఆ గడిలో పేరుకు బదులు ‘మీకు లాటరీ తగిలింది, ఇక్కడ నొక్కండి’ అని రాసి, పక్కనే లింకు పెడుతుంది. మెయిల్ ఐడీ గడిలో ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి ఐడీ ఇస్తుంది. అప్పుడు జరిగేది చూడండి: మీ దుకాణం పేరుతో, మీ సొంత చిరునామా నుంచి ‘నమస్తే, మీకు లాటరీ తగిలింది’ అన్న మెయిల్ ఆ మనిషికి చేరుతుంది. మోసగాడు పైసా ఖర్చు పెట్టలేదు, అతని పేరెక్కడా లేదు. ఫిర్యాదు మాత్రం మీ మీద పడుతుంది.

పేరు తప్పనిసరిగా కావాలనుకుంటే ఒప్పుకోలు మెయిల్‌లో మాత్రం దాన్ని వాడకండి. గడిలో పట్టే అక్షరాలకు పరిమితి పెట్టించండి. లింకులా కనబడేది ఏదున్నా తిప్పికొట్టమనండి.

5. బాట్‌కు మాత్రమే కనబడే గడి ఒకటి దాచండి

ఎలుకల బోనులో పకోడీ ముక్క పెట్టినట్టు, ఫారమ్‌లో మనుషులకు కనబడని గడి ఒకటి పెడతారు. దీన్ని హనీపాట్ అంటారు. మనిషి కంటికి ఆ గడి ఆనదు కాబట్టి ఖాళీగా వదిలేస్తాడు. బాట్ పేజీ వెనకున్న కోడ్ చదువుతుంది కాబట్టి గడి కనబడగానే నింపేస్తుంది. గడి నిండి వచ్చిందంటే అది బాట్, ఆ ఐడీని పక్కన పడేయొచ్చు.

పెట్టించేటప్పుడు డెవలపరుకు కొన్ని జాగ్రత్తలు చెప్పండి. కోడ్‌లో ‘హిడెన్’ అని రాసే మామూలు దాపు గడిని చాలా బాట్లు వదిలేస్తాయి. గడిని మామూలుగానే పెట్టి, స్టైల్ షీటు ద్వారా కంటికి ఆనకుండా చేయాలి. గడికి ‘ఫోన్’, ‘అడ్రసు’ లాంటి పేర్లు పెడితే బ్రౌజర్ ఆటోఫిల్ దాన్ని తనే నింపేసి, మంచి కస్టమరును బాట్‌గా చూపిస్తుంది. ట్యాబ్ మీట నొక్కుకుంటూ వెళ్లేవారు ఆ గడిలోకి వెళ్లకూడదు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవకూడదు. పట్టుబడిన బాట్‌కు ‘తప్పు’ అని చెప్పకండి, అందరికీ చూపించే ‘ధన్యవాదాలు’ పేజీయే చూపించండి. దొరికిపోయానని తెలిస్తే దాన్ని నడిపేవాడు దారి మార్చుకుంటాడు.

6. ఎంతసేపట్లో నింపారో చూడండి

మెయిల్ ఐడీ కొట్టడానికి మనిషికి కాసింత సమయం పడుతుంది. బాట్ పేజీ తెరుచుకున్న క్షణంలోనే నింపి పంపేస్తుంది. పేజీ తెరిచిన వేళ, ఫారమ్ పంపిన వేళ రెండూ సర్వర్ గుర్తుపెట్టుకుని, తేడా రెండు మూడు సెకన్లలోపు ఉంటే అనుమానించాలి. ఆటోఫిల్‌తో ఒక్క తాకుడులో ఐడీ నింపేవారు కూడా ఉంటారు కాబట్టి ఈ ఒక్క కారణంతో ఎవరినీ తోసేయకండి. అనుమానం వచ్చినవారికి మాత్రమే మరో పరీక్ష పెట్టండి.

7. తనిఖీ సర్వర్‌లోనే జరగాలి

ఐడీలో ‘ఎట్’ గుర్తు లేకపోతే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రావడం చూసే ఉంటారు. ఆ తనిఖీ బ్రౌజర్‌లో జరుగుతుంది. అది మనిషికి సాయమే తప్ప బాట్‌కు అడ్డు కాదు. చాలా బాట్లు మీ పేజీని తెరవనే తెరవవు, ఫారమ్ సమాచారం చేరే చిరునామాకే నేరుగా పంపేస్తాయి. కాబట్టి పైన చెప్పినవీ, కింద చెప్పబోయేవీ తనిఖీలన్నీ సర్వర్ వైపున ఉండాలి. పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్త రహస్య టోకెన్ ఇచ్చి, అది లేకుండా వచ్చినదాన్ని తిప్పికొట్టే ఏర్పాటు కూడా ఉండాలి. ‘బ్రౌజర్‌లోనా, సర్వర్‌లోనా?’ అని డెవలపరును అడగండి. జవాబు సూటిగా రావాలి.

8. వరదకు కట్ట వేయండి, ఊరికి కాదు

ఒకే ఐపీ అడ్రసు నుంచి నిమిషంలో పదుల కొద్దీ ఐడీలు వస్తుంటే ఆపాల్సిందే. దీన్ని రేట్ లిమిట్ అంటారు. అయితే మన దేశంలో మొబైల్ కంపెనీలు ఒక్కో ఐపీ అడ్రసును ఎందరో కస్టమర్లకు కలిపి వాడతాయి. ‘ఒక ఐపీకి రోజుకు ఒక్కరే’ అని బిగిస్తే, ఒకే కంపెనీ సిమ్ ఉన్న మీ కస్టమర్లు ఒకరి వల్ల ఇంకొకరు ఆగిపోతారు. నిమిషాల లెక్కన హద్దు పెట్టండి. హద్దు దాటితే కాసేపు ఆపండి తప్ప శాశ్వతంగా నిషేధించకండి.

9. దేశాలకు దేశాలే మూసేయకండి

‘బాట్లన్నీ విదేశాల నుంచే వస్తాయి, బయటి ఐపీలు ఆపేస్తే సరి’ అనే సలహా తరచూ వినబడుతుంది. పచ్చళ్లు, పొడులు అమ్మేవారికి ఇది చేతులారా చేసుకునే నష్టం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురికి అమ్మ చేతి కారప్పొడి కావాలంటే ఆమె వచ్చేది మీ సైటుకే. ఇంకో సంగతి. బాట్ నడిపేవారు ఏ దేశపు ఐపీనైనా అద్దెకు తెచ్చుకోగలరు. తలుపు మూసుకునేది అసలు కస్టమరుకే.

10. తెలుగు అక్షరాలను స్పామ్ కింద కట్టకండి

స్పామ్‌ను ఆపే కొన్ని ప్లగిన్లలో ‘ఇంగ్లిష్ కాని లిపిలో ఏముంటే అది ఆపు’ అనే ఏర్పాటు ఉంటుంది. రష్యన్ అక్షరాల స్పామ్‌తో విసిగిన వాళ్లకు అది పనికొచ్చేదే. మీ సైటులో ఆన్ చేస్తే మాత్రం ‘లక్ష్మి’ అని తెలుగులో పేరు కొట్టిన కస్టమరు బయటే ఉండిపోతుంది. ప్లగిన్ పెట్టిన రోజే మీ పేరు తెలుగులో రాసి ఒకసారి పంపి చూడండి.

11. ఐడీ నిజంగా పనిచేసేదేనా చూడండి

ఐడీలో ‘ఎట్’ తర్వాత ఉండే డొమైన్‌కు మెయిల్ అందుకునే ఏర్పాటు ఉందో లేదో సర్వర్ క్షణంలో కనుక్కోగలదు. ఎంఎక్స్ రికార్డు చూడటం అంటారు దీన్ని. అది లేని ఐడీకి మెయిల్ పంపడం చాలావరకు దండగ.

తొందరలో కొట్టిన తప్పులు వేరే సంగతి. ‘జీమెయిల్’ స్పెల్లింగులో రెండు అక్షరాలు తారుమారు కావడం రోజూ జరిగేదే. అలాంటివి తిప్పికొట్టకుండా ‘మీరు జీమెయిల్ అనుకుంటున్నారా?’ అని అడిగించండి. ఆ పొరపాటు స్పెల్లింగులతోనే డొమైన్లు కొని కూర్చున్నవారూ ఉన్నారు. అందువల్ల ‘ఎంఎక్స్ ఉంది కదా’ అని ధీమా పడొద్దు. ఒప్పుకోలు మెయిల్‌కు జవాబు రావడమే ఆఖరి రుజువు.

12. కూపన్ కక్కుర్తికి తాళం వేయండి

‘మెయిల్ ఐడీ ఇస్తే మొదటి ఆర్డరు మీద పది శాతం తగ్గింపు’ అన్నారంటే బాట్లతో పాటు మనుషులు కూడా దొంగ ఐడీలిస్తారు. దీనికి మూడు పనులు చేయండి.

కూపన్‌ను తెర మీద వెంటనే చూపించకండి, ఐడీ ఖాయం చేశాకే మెయిల్‌లో పంపండి. మెయిలినేటర్ లాంటి తాత్కాలిక మెయిల్‌బాక్సుల డొమైన్ల జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఆపించండి, ఎప్పటికప్పుడు కొత్తవి చేర్పించండి. ఇక మూడోది జీమెయిల్ సంగతి. జీమెయిల్ ఐడీలో చుక్కలు ఎక్కడ పెట్టినా, ప్లస్ గుర్తు పెట్టి వెనక ఏ మాట తగిలించినా మెయిల్ చేరేది ఒకే మనిషికి. అంటే ఒక్కరే పదిమందిలా కనబడొచ్చు. కూపన్ లెక్క చూసేటప్పుడు మాత్రం ఆ చుక్కలు, ప్లస్ తర్వాతి భాగం తీసేసి పోల్చమనండి. ఐడీలో ప్లస్ గుర్తు ఉందని తోసేయకండి. తన మెయిళ్లను విడివిడిగా సర్దుకునేవారు దాన్ని నిజాయితీగానే వాడతారు.

13. క్యాప్చాను ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి

స్పామ్ అనగానే అందరూ ముందు చెప్పేది క్యాప్చా. వంకర అక్షరాలు చదివి కొట్టమనడం, బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు వెతకమనడం ఇవన్నీ అదే. ఆ పేరు కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన లూయిస్ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్ బృందం పెట్టింది. వాన్ ఆన్ 2007లో తెచ్చిన రీక్యాప్చాను 2009లో గూగుల్ కొనేసింది.

మీ కస్టమర్లలో అరవై దాటిన అమ్మమ్మలుంటారు. చిన్న ఫోన్ తెర మీద తొమ్మిది ముక్కల బొమ్మ చూపించి ‘ఫైర్ హైడ్రెంట్ ఉన్నవి నొక్కండి’ అంటే అదేమిటో ఆవిడకెలా తెలుస్తుంది? అమెరికా వీధుల్లో నిలబడి ఉండే ఆ ఎర్ర గొట్టాన్ని మన ఊళ్లలో చూసిందెవరు? రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఇక బాట్ నడిపేవాడు డబ్బిచ్చి ఆ బొమ్మలు మనుషుల చేత నొక్కించగలడు.

క్యాప్చా పెట్టక తప్పని పరిస్థితి వస్తే కంటికి కనబడని రకం ఎంచుకోండి. 2018లో వచ్చిన రీక్యాప్చా మూడో వెర్షన్ ఏమీ అడగదు. పేజీలో మనిషి తీరు చూసి సున్నా నుంచి ఒకటి దాకా మార్కు వేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ 2022లో తెచ్చిన టర్న్‌స్టైల్ బొమ్మల పరీక్ష లేకుండానే, ఎక్కువమందికి తెలియకుండా పని కానిస్తుంది. ఏది పెట్టినా సర్వర్ వైపు సరిచూడటం మరిచిపోతే అది ఉత్త అలంకారం.

14. ఒక తెలుగు ప్రశ్న పెట్టి చూడండి

చిన్న సైటుకు ఇది చవకైన ఉపాయం. ‘ఆవకాయకు వాడే కాయ ఏది?’ అని అడిగి మామిడి, వంకాయ, బెండకాయ అని మూడు బటన్లు ఇవ్వండి. జవాబు టైపు చేయమనకండి. ఒకరు మామిడి అంటారు, ఒకరు మామిడికాయ అంటారు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, మూడూ సరైనవే. మీ సైటునే గురిపెట్టి వచ్చినవాణ్ని ఈ ప్రశ్న ఆపలేదు. వేల సైట్ల మీద గుడ్డిగా తిరిగే బాట్లలో చాలావాటిని ఆపుతుంది. అప్పుడప్పుడూ ప్రశ్న మారుస్తుండండి.

15. స్టాల్ పుస్తకంలోని పేర్లకూ ఇదే పద్ధతి

హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్‌లోనో, విజయవాడలో ఏ చేనేత ప్రదర్శనలోనో స్టాల్ పెట్టినప్పుడు పుస్తకంలో మెయిల్ ఐడీలు రాయించుకుంటాం. జనం తోపులాటలో రాసిన అక్షరాలవి. అది ‘ఎల్’ అక్షరమో ఒకటి అంకో, సున్నానో ‘ఓ’ అక్షరమో తేలదు. మీరు ఊహించి కొట్టిన ఐడీ వేరెవరిదో కావచ్చు. కొందరు మొహమాటానికి తప్పుడు ఐడీ రాసి వెళ్లిపోతారు. ఇవన్నీ నేరుగా జాబితాలో కలపకుండా ఒప్పుకోలు మెయిల్ పంపండి. ప్రదర్శన ముగిసిన ఒకటి రెండు రోజుల్లోనే పంపితే మీరెవరో వాళ్లకు గుర్తుంటుంది.

వేల మెయిల్ ఐడీలు తక్కువ ధరకు అమ్ముతామని వచ్చేవారిని గుమ్మం ఎక్కనివ్వకండి. స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే వదిలిన ఉచ్చు ఐడీలు అలాంటి జాబితాల్లో ఉంటాయి. ఒక్కదానికి మెయిల్ వెళ్లినా మీ పేరు చెడుతుంది.

16. వారానికోసారి జాబితా తిరగేయండి

దొంగ పేర్లు చూడగానే తెలిసిపోతాయి. ఉదాహరణకు తెల్లవారుజామున 2.14కి ఒకటి, 2.14కే ఇంకొకటి, 2.15కి మరో మూడు చేరాయి. పేర్ల గడిలో నోరు తిరగని అక్షరాల ముద్దలు, మధ్యమధ్యలో పెద్దబడి ఇంగ్లిష్ అక్షరాలు. ఐడీలు చూస్తే కొన్ని ఏదో కంపెనీ ఫిర్యాదుల విభాగానివి, కొన్ని విదేశీ కాలేజీలవి. ఎవరూ ఏ సరుకు పేజీ తెరవలేదు, నేరుగా ఫారమ్ దగ్గరే దిగారు. ఇలాంటి వరస కనబడితే చేర్చిన వేళ పట్టుకుని ఆ గుంపు మొత్తాన్ని వేరు చేయండి.

ఇది కుదరాలంటే ప్రతి ఐడీతో పాటు చేరిన తేదీ, వేళ, ఐపీ అడ్రసు, ఏ పేజీ నుంచి వచ్చిందీ దాచుకోవాలి. ఎవరైనా ‘నేనెప్పుడు చేరాను?’ అని నిలదీస్తే చూపించడానికీ అదే ఆధారం.

ఒకటి రెండు మెయిళ్లు తెరవలేదని ఎవరినీ దొంగ అనుకోకండి. కొందరి ఫోన్లు ‘తెరిచారు’ అన్న కబురు మీకు పంపవు. కొన్ని మెయిల్ యాప్‌లు తెరవకపోయినా తెరిచినట్టు చెబుతాయి. కొన్ని నెలలుగా ఉలుకూ పలుకూ లేనివారికి ‘ఇంకా పంపమంటారా?’ అని ఒక్క మెయిల్ రాసి, జవాబు లేకపోతే తీసేయండి.

17. వెళ్లిపోయే దారి తెరిచి ఉంచండి

తనకు తెలియకుండా జాబితాలో పడిన మనిషికి బయటపడే దారి దొరక్కపోతే నేరుగా ‘స్పామ్’ బటన్ నొక్కుతాడు. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనబడితే అది నొక్కి పోతాడు. ఏది మీకు మేలో చెప్పనక్కర్లేదు. ఆ లింకు స్పష్టంగా ఉండాలి. పాస్‌వర్డు అడగకూడదు, ‘ఎందుకు వెళుతున్నారు?’ అని ప్రశ్నలతో వేధించకూడదు. అంగీకారం ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిగ్గా ఉండాలన్నది మన డేటా రక్షణ చట్టం మాట కూడా.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవారికి నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఐడీలకు రోజుకు 5,000కు పైగా పంపేవారు ఒక్క నొక్కుతో వెళ్లిపోయే ఏర్పాటు పెట్టాలి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మెయిళ్లకు మూడు. మీరు రోజుకు రెండొందలే పంపినా ఆ మూడు ధ్రువీకరణలూ పెట్టించుకోండి. మీ పేరుతో వేరెవరో మెయిళ్లు పంపకుండా కూడా అవి అడ్డుపడతాయి.

18. దాడి జరిగిన రోజు చేయాల్సినవి

ఒక్కసారిగా పేర్లు కుప్పలు పడుతుంటే ముందు ఫారమ్ ఆపేయండి. సైటు మూయనక్కర్లేదు. ఆ రోజుకు వెళ్లాల్సిన ప్రకటన మెయిళ్లు కూడా ఆపండి. దాడి మొదలైన వేళ నుంచి చేరినవాటిని విడిగా పెట్టి, ఖాయం చేసినవి మాత్రం ఉంచి తక్కినవి తీసేయండి. క్యాప్చాను తాత్కాలికంగా ఆన్ చేసి ఫారమ్ తెరవండి. వర్డ్‌ప్రెస్ సైటైతే ప్లగిన్లన్నీ అప్‌డేట్ అయ్యాయో లేదో చూడండి. మెయిళ్లు పంపే సర్వీసువారికి సంగతి మీరే ముందు చెప్పండి. వాళ్లే కనిపెట్టి మీ ఖాతా ఆపేసే దాకా ఆగకండి.

ఇలాంటి దాడికి పెద్ద సంస్థలే దొరికిపోయాయి. 2016 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ మెయిల్ ఐడీలను వేలాది సైట్ల ఫారమ్‌లలో బాట్లతో చేర్పించి ఆ మెయిల్‌బాక్సులను ముంచేశారు. ఒప్పుకోలు అడగకుండా పేర్లు చేర్చుకున్న సైట్లే అందుకు దారి అయ్యాయి. స్పామ్ మీద నిఘా ఉంచే స్పామ్‌హాస్ సంస్థ అప్పుడు అలాంటి జాబితాల నుంచి వచ్చే మెయిళ్లను అడ్డుకునే జాబితాలో పెట్టింది. ఆ సైట్లు దొంగ వ్యాపారాలేమీ కావు. తలుపుకు గడియ పెట్టుకోలేదంతే.

ఇదే దాడి మీ ఇంట్లోవారి మెయిల్‌బాక్సు మీద జరిగితే ఇంకో జాగ్రత్త కావాలి. అడగని ‘స్వాగతం’ మెయిళ్లు గంటలో వందలు వచ్చి పడితే విసుక్కుని అన్నీ ఒకేసారి డిలీట్ చేయకండి. ‘మీ ఖాతా నుంచి ఇంత సొమ్ము వెళ్లింది’ అని బ్యాంకు పంపిన మెయిల్ కంటబడకుండా చేయడానికే కొన్నిసార్లు ఇంత చెత్త కుమ్మరిస్తారు. ముందు బ్యాంకు యాప్‌లో లావాదేవీలు చూడండి, షాపింగ్ ఖాతాల్లో కొత్త ఆర్డర్లున్నాయేమో చూడండి, పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయినట్టు తేలితే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

పద్దెనిమిదీ ఒకేసారి చేయాలని కంగారు పడకండి. ఒప్పుకోలు మెయిల్ ఆన్ చేయడం, పేరు గడి తీసేయడం, దాచిన గడి పెట్టించడం అనే మూడూ ఈ వారంలోనే ముగించండి. తక్కినవి సైటులో మార్పులు చేయించినప్పుడల్లా ఒక్కొక్కటిగా కలుపుకోవచ్చు. ఏది కలిపినా ఒక్కటి సరిచూసుకోండి: దీనివల్ల కష్టం పడేది బాటా, కస్టమరా? కస్టమరే అయితే అది మానేసి వేరేది వెతకండి. పదివేల దొంగ పేర్ల కన్నా, తానై అడిగి చేరిన రెండొందల మంది ఉన్న జాబితాయే వ్యాపారానికి అక్కరకొస్తుంది.